జీతం 6 శాతం పెరిగింది, చేతికి వచ్చింది 491 రూపాయలే. లెక్క ఎక్కడ పోయింది?

ప్రశ్న: మడికొండ_రోడ్డు

హన్మకొండల ప్రైవేటు కంపెనీ, బ్యాక్ ఆఫీసు పని, ఆరేళ్ల అనుభవం. సీటీసీ, అంటే కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు, ఏడాదికి 3,84,000 ఉండె. జనవరి నుంచి 6 శాతం పెంచినమని లెటర్ ఇచ్చిండ్రు. అంటే 4,07,040, నెలకు 1,920 పెరగాలె. అకౌంట్ల పడ్డది చూస్తే నిరుటికంటె 491 మాత్రమే ఎక్కువ.

పాత స్లిప్పు: బేసిక్ 12,000, కంపెనీ పీఎఫ్ 1,440, గ్రాట్యుటీ 577, చేతికి 28,343.
కొత్త స్లిప్పు: బేసిక్ 16,960, కంపెనీ పీఎఫ్ 2,035, గ్రాట్యుటీ 816, చేతికి 28,834.

ఇంటి ఖర్చు నెలకు, నిరుడు ఎంత, ఇప్పుడెంత:
కిరాయి 7,000, ఇప్పుడు 7,700
కిరాణం, పాలు, కూరగాయలు 8,000, ఇప్పుడు 8,160
స్కూల్ ఫీజు, ఆటో 4,500, ఇప్పుడు 5,040
పెట్రోలు, గ్యాస్, కరెంటు, ఫోన్లు 3,500, ఇప్పుడు 3,570
మందులు, బట్టలు, చిల్లర 2,000, ఇప్పుడు 2,100

ద్రవ్యోల్బణం సున్నా దగ్గరికి దిగిందని 2025 చివర్ల పేపర్లల్ల రాసిండ్రు. మరి మా ఇంట్ల ఎందుకు కనవడ్తలేదు? పక్కింటి టీచర్ సారుకు డీఏ (కరువు భత్యం) వస్తది, మాకెందుకు రాదు? హైదరాబాదుల 5,40,000కు ఆఫర్ ఉంది, ఆఫీసు మాదాపూర్. ఇంట్ల భార్య, మూడో తరగతి చదివే బాబు. పోవాల్నా, ఇక్కడనే గట్టిగ అడగాల్నా? ధైర్యం చెప్పుడు కాదు, లెక్క చెప్పుండ్రి.


జవాబు: పేస్లిప్_పంతులు

ముందు ఆ 1,920 సంగతి తేలుద్దాం. మీరిచ్చిన అంకెల్లోనే ఉంది. కంపెనీ వాటా పీఎఫ్ 1,440 నుంచి 2,035కు పెరిగింది, అంటే 595. మీ వాటా కూడా అంతే, ఇంకో 595. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 239. చేతికి 491. నాలుగూ కూడితే 1,920. డబ్బు మాయం కాలేదు, జేబు మారింది.

అసలు కారణం 6 శాతం కాదు, బేసిక్‌ను ఒకేసారి 37.5 శాతం నుంచి 50 శాతానికి ఎత్తడం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనం అంటే ఏమిటో అందులో కొత్తగా నిర్వచించారు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ (రాకపోకల భత్యం) లాంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలిపి లెక్కించాలి. బేసిక్ కచ్చితంగా 50 శాతం ఉండాలని చట్టం ఎక్కడా అనలేదు, కానీ లెక్క సులువని చాలా కంపెనీలు బేసిక్‌నే సగానికి పెంచేస్తున్నాయి. మీకూ అదే జరిగింది.

ఇక్కడ మీ చేతిలో ఉన్న మాట ఒకటుంది. పీఎఫ్ తప్పనిసరిగా కట్టాల్సింది 15,000 వేతనం వరకే. దాని 12 శాతం 1,800. మీ కంపెనీ 16,960 మొత్తం మీద కోస్తోంది. 1,800కు పరిమితం చేస్తే రెండు వైపులా 235 చొప్పున మిగిలి, చేతికి 29,304 వస్తుంది. అప్పుడు పెరుగుదల 961. హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో ‘కొత్త స్ట్రక్చర్‌లో పీఎఫ్‌ను 15,000 సీలింగ్ మీద లెక్కించగలరా, మిగిలిన కంపెనీ వాటాను స్పెషల్ అలవెన్స్‌లో కలపగలరా’ అని రెండు భాగాలుగా అడగండి. రెండో భాగం అడగకపోతే కంపెనీ తన 235 తనే మిగుల్చుకునే ప్రమాదం ఉంది. పూర్తి బేసిక్ మీద ఒకసారి కట్టడం మొదలై సాగితే వెనక్కి తగ్గించడం కష్టం, కాబట్టి ఈ నెలే కదలండి.

పాత స్లిప్పు కూడా చక్కగా ఏమీ లేదు. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే స్పెషల్ అలవెన్స్‌ను పీఎఫ్ లెక్కలో కలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. మీ 12,000 బేసిక్‌కు స్పెషల్ అలవెన్స్ కలిపి ఉంటే వేతనం 15,000 ఎప్పుడో దాటేది, అప్పటినుంచే 1,800 కట్టాల్సి ఉండేది. కాబట్టి ‘పాత పద్ధతికే మార్చండి’ అని అడగొద్దు, అది నిలబడదు.

ఇంకో సంగతి పాస్‌బుక్ చూసినప్పుడు గందరగోళం రాకుండా చెబుతున్నా. కంపెనీ కట్టే దాంట్లోంచి 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది, అదీ 15,000 వరకే, అంటే గరిష్ఠంగా 1,250. పాత స్లిప్పులో అది 1,000, ఇప్పుడు 1,250. కంపెనీ అదనంగా కట్టిన 595లో 250 పెన్షన్‌కు పోయి, మీ పీఎఫ్ నిల్వలో పడేది 345. మీ 595తో కలిపి నెలకు 940 పెరుగుతుంది.


జవాబు: సూచీ_గణితం

ధరల ప్రశ్న నేను తీసుకుంటాను. ద్రవ్యోల్బణం తగ్గడం వేరు, ధరలు తగ్గడం వేరు. చిల్లర ద్రవ్యోల్బణం 2024 అక్టోబర్‌లో 6.21 శాతం, 2025 అక్టోబర్‌లో 0.25 శాతం. 2012ను ఆధారంగా పెట్టుకున్న సీరీస్‌లో అంత తక్కువ ఎన్నడూ రాలేదు, పేపర్లు రాసింది తప్పు కాదు. కానీ 2023 అక్టోబర్‌లో 100 రూపాయలు అయిన సరుకుల బుట్ట 2024లో 106.21 అయింది, 2025లో 106.48 అయింది. ఎక్కిన మెట్టు మీద ఆగింది తప్ప దిగలేదు.

ఆహారం నిజంగానే దిగింది, అయినా మొత్తం దిగలేదు. ఆహార ధరలు 2024 అక్టోబర్‌లో 10.87 శాతం పెరిగి, 2025 అక్టోబర్‌లో 5.02 శాతం తగ్గాయి. 100 కాస్తా 110.87 అయి, అక్కడినుంచి 105.30కి వచ్చింది. రెండేళ్ల కింద ఉన్న చోటికి ఇంకా రాలేదు.

రెండో కారణం మీ బుట్ట వేరు, దేశం బుట్ట వేరు. ఆ సీరీస్‌లో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం, ఇంటి అద్దెకు 10.07, చదువుకు 4.46. అద్దె వాటా అంత తక్కువ ఎందుకంటే అందులో పల్లెల బుట్టలో అద్దెకు అసలు చోటే ఇవ్వలేదు. ఇప్పుడు మీ నిరుటి ఖర్చు 25,000 చూడండి. కిరాణం, పాలు, కూరగాయలు 32 శాతం. కిరాయి 28 శాతం. స్కూలు 18 శాతం. టమాట చవకైతే దేశం సూచీ దభేల్న పడుతుంది. మీ ఇంట్లో అది కనిపించాలంటే కిరాయి, ఫీజు కూడా కదలకుండా ఉండాలి. హన్మకొండలో కిరాయి ఏటా ఒకసారి, ఫీజు జూన్‌లో ఒకసారి పెరుగుతాయి, తగ్గడమనేది వాటి చరిత్రలో లేదు.

మీ ఇంటి ద్రవ్యోల్బణం ఇదీ:
నిరుడు 25,000. ఇప్పుడు 26,570. పెరిగింది 1,570, అంటే 6.28 శాతం.
ఆ 1,570లో కిరాయి 700, స్కూలు 540. ఈ రెండే 79 శాతం. కిరాణం వాటా 160 మాత్రమే.

చేతికొచ్చే జీతం పెరిగింది 491, అంటే 1.73 శాతం. 1.0173ను 1.0628తో భాగిస్తే 0.957. మీ చేతిలోని జీతం కొనగలిగే శక్తి దాదాపు 4.3 శాతం పడిపోయింది. నిరుడు నెలకు మిగిలింది 3,343, ఇప్పుడు 2,264. పెరిగిన పీఎఫ్‌ను పొదుపుగా లెక్కేస్తే పరిస్థితి ఇంత ఘోరం కాదు, అయితే కిరాయి పీఎఫ్‌లోంచి కట్టలేం కదా.

ఈ లెక్క చేసేటప్పుడు జనం పడే పొరపాటు ఒకటి. ఖర్చు పెరిగిందంతా ధర పెరగడమే అనుకుంటారు. పాత ఫోన్ ప్లాన్ మానేసి పెద్ద ప్లాన్ వేసుకుంటే అది ధర కాదు, వాడకం. లెక్క వేసేముందు ప్రతి వరుసలో అదే పరిమాణం ఉందో లేదో చూడండి: అవే లీటర్ల పాలు, అదే ఇల్లు, అదే స్కూలు. తరగతి మారినందుకు ఫీజు పెరిగితే దాన్ని విడిగా రాయండి. స్కూలు వాళ్లు మొత్తం ఎంత పెంచారో తెలియాలంటే ఇప్పుడు రెండో తరగతి పిల్లలు కడుతున్న ఫీజుతో మీ బాబు నిరుడు రెండో తరగతికి కట్టిన ఫీజును పోల్చాలి.


మళ్లీ అడిగినది: మడికొండ_రోడ్డు

పంతులు గారు, పీఎఫ్ తగ్గించుకునుడు మంచిదేనా? మావోడొకడు ‘పీఎఫ్ ముట్టకు’ అంటున్నడు.


జవాబు: పేస్లిప్_పంతులు

మీకు అప్పు ఉందా లేదా అన్నదాన్ని బట్టి. పీఎఫ్ వడ్డీ 2024–25కు 8.25 శాతం. బ్యాంకు ఎఫ్‌డీ కంటే మేలే. మీ మీద 14, 16 శాతం పర్సనల్ లోనో, క్రెడిట్ కార్డు బాకీనో ఉంటే, 8.25కు దాచి 16కు వడ్డీ కట్టడం అర్థం లేని పని. ముందు అది తీర్చండి, 1,800కు పరిమితం చేసుకోండి. అప్పు లేదు, మిగిలిన 2,264తో నెల గడుస్తుంది అంటే పూర్తి బేసిక్ మీదే ఉండనివ్వండి. మీ వాడు చెప్పింది అప్పుడు నిజమే.


జవాబు: డీఏ_బకాయి

పక్కింటి సారు గురించి అడిగారు కదా, ఆయన జీతం ఎలా కదులుతుందో చెబుతా. అసూయ పడేంత ఏమీ లేదు.

కేంద్ర ఉద్యోగుల డీఏ లెక్కకు ఆధారం పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ. 88 పారిశ్రామిక కేంద్రాల్లోని 317 మార్కెట్లలో ధరలు తీసి లేబర్ బ్యూరో నెలనెలా ఇస్తుంది. 2016ను 100గా పెట్టుకున్నది. పన్నెండు నెలల సగటు తీసి, 2.88తో గుణించి పాత సీరీస్‌కు మార్చి, అందులోంచి 261.42 తీసేసి, మళ్లీ 261.42తో భాగించాలి. సగటు 143.6 అనుకోండి. 2.88తో గుణిస్తే 413.57. అందులో 261.42 తీసేస్తే 152.15. భాగిస్తే 58.2 శాతం. చిల్లర వదిలేస్తారు, డీఏ 58. అది 2025 జూలై నుంచి వచ్చింది.

మన రాష్ట్రంలో 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం కేంద్రం 1 శాతం పెంచితే ఇక్కడ 0.910 శాతం. కేంద్రం 4 ఇస్తే ఇక్కడ 3.64. బేసిక్ 40,000 ఉన్న టీచర్‌కు అది నెలకు 1,456. సూత్రం బాగుంది, గడియారమే ఆలస్యం. 2023 జనవరి నుంచి రావలసిన డీఏ 2025 జూన్‌లో మంజూరైంది, 26.39 నుంచి 30.03 శాతానికి. రెండున్నరేళ్ల కిందటి ధరకు పరిహారం ఇప్పుడొస్తే ఈలోపు కిరాయి ఎన్నిసార్లు పెరిగి ఉంటుంది? కొత్త పీఆర్సీ కమిషన్‌ను 2023 అక్టోబర్‌లో వేసి, అప్పటినుంచి 5 శాతం మధ్యంతర భృతి ఇస్తున్నారు.

మీకు డీఏ ఎందుకు రాదంటే, మీ నియామక పత్రంలో ఆ షరతు లేదు. ప్రైవేటులో జీతాన్ని సూచీతో ముడిపెట్టాలన్న చట్టం కనీస వేతనాల దగ్గరే ఆగిపోతుంది. దాని పైన అంతా బేరమే. సింగరేణిలో ఉంది, బీడీ కార్మికులకు ఉంది, బ్యాంకుల్లో ఉంది. అవన్నీ ఒప్పందాల మీదో, నోటిఫికేషన్ల మీదో వచ్చినవి.

ఒక్క మాట, మీ హైదరాబాద్ లెక్కకు పనికొస్తుంది. ప్రభుత్వం దృష్టిలో కూడా రెండు ఊళ్ల కిరాయి ఒకటి కాదు. హెచ్‌ఆర్‌ఏ జీహెచ్ఎంసీలో 24 శాతం, వరంగల్‌లో 17. బేసిక్ 40,000 మీద 9,600, 6,800. తేడా 2,800. నిజంగా కిరాయిలో తేడా అంతకంటే ఎక్కువే.


జవాబు: ఉప్పల్_దిగుడు

ఆఫర్ సంగతి నేను చెప్త. 45,000 చూసి మురువకు అన్నా, చేతికెంత వస్తదో ముందు దియ్యి. బేసిక్ సగం 22,500 అనుకో, పీఎఫ్ సీలింగ్ మీద 1,800, గ్రాట్యుటీ 1,082. గ్రాస్ 42,118. అందుల నీ పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 40,118. గీ జీతం మీద కొత్త పద్ధతిల ఇన్‌కమ్ ట్యాక్స్ పడది. నీ ఇప్పటి 28,834కు, దీనికి తేడా 11,284. వేరియబుల్ పే (పనిని బట్టి ఇచ్చేది, నెలనెలా రాదు) అని ఓ 10 శాతం సీటీసీలనే కలిపిండ్రా చూసుకో. కలిపితే నెలనెలా వచ్చేది ఇంకా 4,500 తక్కువ.

ఇప్పుడు ఖర్చు. ఇవి నేను వేసుకున్న అంకెలు, నువ్వు చూసిన ఇంటిని బట్టి మార్చుకో.
చందానగర్, మియాపూర్ దిక్కు రెండు బెడ్రూములు మెయింటెనెన్స్‌తో 16,000. నీ 7,700 కంటె 8,300 ఎక్కువ.
స్కూలు 2,000 ఎక్కువ.
ఆఫీసుకు వచ్చిపోవుడు 1,500 ఎక్కువ.
పాలు, కూరగాయలు, బయట తిండి 500.
నెలకోసారి ముగ్గురు ఊరికి వచ్చిపోతే 800.
మొత్తం 13,100. జీతం పెరిగింది 11,284. పట్నం పోయి నెలకు 1,816 తక్కువ మిగులుతది.

సరిసమానం కావాలంటే చేతికి 41,934 రావాలె. సీటీసీల జెప్పాలంటే నెలకు 46,861, ఏడాదికి 5,62,000 పైన. గది గూడ పోయినందుకు లాభం ఏం లేదు, నష్టం లేదు అన్నట్టే. రెండు నెలల అడ్వాన్స్, స్కూల్ అడ్మిషన్, లారీ కిరాయి గిందుల లేవు. అడ్వాన్స్ తిరిగొస్తది, అందులకెల్లి పెయింటింగ్ పైసలు కోస్తరు. 6,20,000 కంటె తక్కువకు ఇల్లు కదపొద్దని నా లెక్క.

చవకగ ఉండాలంటే ఓ తొవ్వ ఉంది. మనోళ్లు ఉప్పల్, బోడుప్పల్‌ల ఎందుకు దిగుతరంటే హన్మకొండ బస్సు అక్కడికే మొదట చేరుతది, కిరాయి మాదాపూర్ దిక్కుకంటె తక్కువ, ఇంక నాగోల్–రాయదుర్గం మెట్రో ఉప్పల్ మీదికెల్లే పోతది, నడుమ బండి మారే పని లేదు. హైటెక్ సిటీ స్టేషన్ దిగి మాదాపూర్. కిరాయిల 4,000 మిగిలితే పైన జెప్పిన నష్టం కాస్త 2,184 లాభమైతది. మెట్రో ఛార్జీ నెలకు ఎంతైతదో గందులకెల్లి తీసెయ్యి. దినాం గంటకు పైన పొయ్యేటందుకు, గంటకు పైన వచ్చేటందుకు.

కాజీపేటల ఉండి పాసు మీద తిరుగుత అనేటోళ్లు ఉంటరు. కాజీపేట–సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, నెలపాసు 150 కిలోమీటర్ల దాంక ఇస్తరు గాబట్టి పాసు దొరుకుతది. గని అది జనరల్ బోగీకే, సూపర్‌ఫాస్ట్‌కు అదనంగ కట్టాలె. రైల్ల రెండు గంటలు పైన, ఆడికెల్లి మెట్రో. వారానికి రెండు దినాలే ఆఫీసు అంటే నడుస్తది. ఐదు దినాలైతే ఒంట్ల పాణం ఉండది.

వదినకు పట్నంల పని దొరికేటట్టుంటే మాత్రం నా లెక్కంత తారుమారు. ఇంటికి రెండో జీతం 15,000 వచ్చినా పోవుడే నయం.


జవాబు: బదులీ_ఖర్చు

పై లెక్కలు సరే, కానీ వీటిని తీసుకెళ్లి మేనేజర్ ముందు పెట్టకండి. ‘కిరాయి పెరిగింది సార్’ అంటే ఆయన కిరాయి కూడా పెరిగింది. కంపెనీ జీతం ఇచ్చేది మీ ఖర్చును బట్టి కాదు, మీ సీటు ఖాళీ అయితే మళ్లీ నింపడానికి అయ్యే ఖర్చును బట్టి. ధరల లెక్క మీకోసం, ఎంతకు తగ్గితే ఒప్పుకోకూడదో తెలియడానికి. అడగడానికి వేరే లెక్క కావాలి.

హన్మకొండ, కాజీపేట చుట్టూ ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీలు ఎన్నో మీకు తెలుసు. డేటా ఎంట్రీ, బిల్లింగ్, వాయిస్ ప్రాసెస్ పనులకు ప్రతి వేసవిలో కొత్త బ్యాచ్ దిగుతుంది. అలాంటి సీట్లలో ద్రవ్యోల్బణం 2 ఉన్నా 7 ఉన్నా జీతం అక్కడే ఉంటుంది. అదే ఊళ్లో ప్రతి నెలా 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేసి, 7లోపు టీడీఎస్ కట్టి, నోటీసుకు సమాధానం రాయగల అకౌంటెంట్‌కు జీతం పెరుగుతూనే ఉంది. ఆ పని తెలిసినవాళ్లు తక్కువ, గడువు తప్పితే కంపెనీకి లేట్ ఫీజు. మీ బ్యాక్ ఆఫీసు పని ఈ రెండింటిలో దేనికి దగ్గరో నిజాయితీగా చూసుకోండి.

ఆ పైన ఇలా రాయండి, ఒక్క పేజీ దాటకుండా. మీరు మానేస్తే 60 రోజుల నోటీసు తర్వాత సీటు ఎన్ని వారాలు ఖాళీగా ఉంటుంది. కొత్తవాడు మీ వేగానికి రావడానికి మూడు నెలలు అనుకుంటే, ఆ మూడు నెలలు సగం పనికి పూర్తి జీతం. 33,920 సీటుకు అదొక్కటే దాదాపు 51,000. కన్సల్టెన్సీ ద్వారా తీసుకుంటే ఏడాది జీతంలో 8.33 శాతం ఫీజు అనుకోండి, ఇంకో 34,000. మీరు అడిగే 3,000 పెంపు ఏడాదికి 36,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే మేనేజర్ పైవాళ్లకు పంపడానికి ఒక కారణం దొరుకుతుంది. అతనికి కావలసింది మీ మీద జాలి కాదు, అప్రూవల్ మెయిల్‌లో అతికించడానికి నాలుగు వాక్యాలు.

అడిగే సమయం కూడా ముఖ్యం. లెటర్లు అచ్చయ్యాక ఎవరూ మార్చరు. మీ కంపెనీ జనవరిలో పెంచితే బడ్జెట్ అక్టోబర్, నవంబర్‌లో ముగుస్తుంది, అడగాల్సింది సెప్టెంబర్‌లో. ఈ ఏడు దాటిపోయింది కాబట్టి జీతం కాకుండా వేరేది అడగండి: పంతులు గారు చెప్పిన పీఎఫ్ సీలింగ్, తల్లిదండ్రులను గ్రూప్ మెడిక్లెయిమ్‌లో చేర్చడం, జూలైలో మధ్యంతర సమీక్ష రాతపూర్వకంగా. ‘చూద్దాం’ అన్న మాటకు విలువ లేదు, మెయిల్‌కు ఉంది.

హైదరాబాద్ ఆఫర్‌ను చూపించి బెదిరించడం గురించి కూడా. పోవడానికి నిజంగా సిద్ధమైతేనే చూపించండి. ఉప్పల్ అన్న లెక్క ప్రకారం 5,40,000కు మీరు సిద్ధంగా లేరు. ముందు అక్కడ 6,20,000 అడగండి, ఇస్తే అప్పుడు ఇక్కడ మాట్లాడండి.


జవాబు: అడ్డా_మీది_మాట

ఈ చర్చంతా 30 వేలు దాటినోళ్లది. షాపులు, నర్సింగ్ హోమ్‌లు, సంగెం–గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కు పనులు చేసేవాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి రెండు ముక్కలు.

కనీస వేతనంలో రెండు భాగాలు ఉంటాయి, మూల వేతనం, వీడీఏ (ధరల సూచీతో మారే కరువు భత్యం). వీడీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. సూచీ ఎన్ని పాయింట్లు పెరిగితే అన్ని పాయింట్లకు ఒక్కో పాయింట్‌కు ఇన్ని రూపాయలని లెక్క. మీ పని ఏ షెడ్యూల్ కిందికి వస్తుందో, ఏ జోన్‌లో, స్కిల్డ్‌లోనా సెమీ స్కిల్డ్‌లోనా అన్నవి మూడూ తెలిస్తేనే మీ అంకె తెలుస్తుంది. కార్మిక శాఖ ఆ పట్టికలు ఆరునెలలకోసారి ఇస్తుంది. చాలా చోట్ల యజమాని ఏప్రిల్‌ది ఇస్తాడు, అక్టోబర్‌ది మరిచిపోతాడు. స్లిప్పులో వీడీఏ అని విడిగా వరుస లేకపోతే అనుమానించాల్సిందే.

మూల వేతనాన్ని ఐదేళ్లు దాటకుండా సమీక్షించాలని చట్టంలో ఉంది, చాలా షెడ్యూళ్లలో అది జరగదు. వీడీఏ ఒక్కటే కదులుతుంది. పాయింట్‌కు రూపాయలు అందరికీ ఒకటే అయినప్పుడు, ఏళ్లు గడిచేకొద్దీ స్కిల్డ్‌కూ అన్‌స్కిల్డ్‌కూ మధ్య తేడా శాతంలో కుంచించుకుపోతుంది. పదేళ్ల అనుభవం ఉన్న మెషిన్ ఆపరేటర్‌కూ కొత్తగా చేరిన హెల్పర్‌కూ నాలుగు రూపాయల తేడా ఏమిటని అడిగితే జవాబు ఇక్కడుంది.

21,000 దగ్గర ఉన్నవాళ్లు జాగ్రత్త. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ వైద్య బీమా) ఆ జీతం వరకే. 20,800 ఉన్నవాడికి 700 పెంచి 21,500 చేస్తే, కోత 0.75 శాతం అంటే 156 మిగులుతుంది, బదులుగా ఇంటిల్లిపాదికీ ఉన్న వైద్యం పోతుంది. 156 రూపాయలకు నలుగురి కుటుంబానికి ఏ పాలసీ రాదు. అయితే వెంటనే పోదు. కంట్రిబ్యూషన్ పీరియడ్‌లు ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి. మధ్యలో 21,000 దాటినా ఆ పీరియడ్ అయ్యేవరకు కోత నడుస్తుంది, కార్డు నడుస్తుంది. కాబట్టి పెంపు మే నెలలో వస్తే కోత సెప్టెంబర్ దాకా ఉంటుంది, సెప్టెంబర్‌లో వస్తే నెలలోనే కోత ఆగుతుంది. ఆపరేషన్ ఏదైనా వాయిదా వేసుకుంటూ వస్తున్నవాళ్లు ఆ తేదీలు చూసుకోండి. పెంపుతోపాటు గ్రూప్ మెడిక్లెయిమ్ ఇవ్వమని అడగడం ఆ దశలో 700 కంటే విలువైనది.

రేషన్ కార్డు ఉన్నవాళ్ల లెక్క ఇంకో తీరుగా ఉంటుంది. మనిషికి 6 కిలోల సన్నబియ్యం, 200 యూనిట్ల లోపు కరెంటు, ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సు ఇవన్నీ ఇంటి ఖర్చులోంచి తగ్గేవే. కంపెనీ మారేటప్పుడు ఇవి జీతం కావు కాబట్టి పోల్చేటప్పుడు పక్కన పెట్టండి, కానీ ఊరు మారితే ఏవి మీ వెంట వస్తాయో ముందే చూడండి. బియ్యం ఏ ఊళ్లో అయినా తీసుకోవచ్చు. కరెంటు మాఫీ మాత్రం మీటర్ నంబర్‌తో ముడిపడింది, కిరాయి ఇల్లు మారితే కొత్త మీటర్‌కు మళ్లీ అప్లై చేసుకోవాలి.


మళ్లీ అడిగినది: మడికొండ_రోడ్డు

పీఎఫ్ సీలింగ్ మెయిల్ రాసిన, రెండు భాగాలుగనే. ఆఫర్ కంపెనీకి వేరియబుల్ ఎంతని అడిగిన. 5,40,000ల 54,000 వేరియబుల్ అట.


జవాబు: ఉప్పల్_దిగుడు

అయితే ఫిక్స్‌డ్ 4,86,000, నెలకు 40,500. ఉప్పల్‌ల ఉన్నా గిట్టది. 6,20,000 ఫిక్స్‌డ్ అని అడుగు, వేరియబుల్ దాని మీద.